అవ్వ ముట్టని జున్ను

నా చిన్నప్పుడు డుంబ్రిగుడలో సంత జరిగే వీధిలోనే మా కొట్టూ ఇల్లూ ఉండేవి. మా ఆవు ఈనిన మర్నాడు, నాకు పదేళ్ళప్పుడు, మా నాయనమ్మ మొదటిసారి జున్ను వండే పని నాకప్పగించింది. తోడు వెయ్యకుండా, నిమ్మకాయ పిండకుండా, బెల్లమూ మిరియాల పొడీ కలిపి ఆవిరి మీద పెడితే చాలు, ఈనిన ఆవు ఇచ్చే ఆ జున్నుపాలు గట్టిపడిపోతాయి. ఎలా గట్టిపడతాయో చూడాలని మాటిమాటికీ మూత తీసి నాయనమ్మ చేత తిట్లు తిన్నాను.

ఆ రోజు సంత. ముక్కలు కోసి, అడ్డాకుల్లో పెట్టి, మా అరుగు మీద కూర్చున్న వాళ్ళందరికీ నేనే పంచాను. కొండ మీది ఊరి నుంచి పసుపు తెచ్చే అవ్వకు మాత్రం అందరికన్నా పెద్ద ముక్క పెట్టాను. వచ్చినప్పుడల్లా నాకు ఉసిరికాయలు తెచ్చే మనిషి ఆవిడ. రెండు చేతులా అందుకుని ఏమిటని అడిగింది. మా ఆవు జున్నని గొప్పగా చెప్పాను. ఆవిడ ఆకు మెల్లగా మడిచి పక్కన పెట్టింది. వెళ్ళేటప్పుడు అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది.

వారమంతా రగిలిపోయాను. బెల్లం తక్కువైందా, నా చేతులు మురిగ్గా ఉన్నాయా అని ఎన్ని విధాలుగా ఆలోచించినా కారణం దొరకలేదు. తరువాతి సంతకు అవ్వ వచ్చి మంచినీళ్ళడిగితే వినబడనట్టు కూర్చున్నాను. మా అమ్మే తెచ్చి ఇచ్చింది.

అవ్వ నీళ్ళు తాగి నా పక్కకొచ్చింది.

"కోపమేటే గుంటా?"

"నాను సేసింది నువ్వు ముట్టనేదు."

ఆవిడ నా చెయ్యి పట్టుకుని పశువుల సాలలోకి తీసుకెళ్ళింది. నా వేళ్ళు దూడ నోట్లో పెట్టించింది. గరుకు నాలుకతో అది ఎంత బలంగా చప్పరించిందో చెప్పలేను.

"మా ఊల్లో ఆవుపాలు పితకం. అయి దీనియి. పెద్దోళ్ళకాడి నుంచీ అంతే."

"మరి ఆ రోజే సెప్పనేదేటి?"

"అంత ముచ్చటగా పెట్టినావు. అందరి ముందరా సెప్తే నీ మొకం సిన్నబోదా?"

నా మీద దయతో ఊరుకున్న మనిషికి నేను గుక్కెడు నీళ్ళివ్వలేదు. మీ ఇంటికి చుట్టాలొస్తే ఏం పెడతారని అడిగాను. ఆవిడ అక్కడే గడ్డి మీద కూర్చుని, సామల అన్నం గురించి, నిప్పుల్లో కాల్చిన దుంపల గురించి చాలాసేపు చెప్పింది. పాలు గడ్డ ఎలా కడతాయని తనూ అడిగింది. నాకు తెలియదన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

నాకు మరపు తక్కువ. నేను వడ్డించిన విస్తట్లో ఎవరేం వదిలారో ఏళ్ళు గడిచినా గుర్తుంటుంది. కోపం రాదని అబద్ధమాడను. కానీ ఆ రోజు తరువాత, ఆ కోపాన్ని మనసులో పెట్టుకుని వారం రోజులు పెంచలేదెప్పుడూ. వెళ్ళి ఆ మనిషి పక్కనే కూర్చుని, ఎందుకు తినలేదో అప్పటికప్పుడే అడిగేస్తాను.