ఒడీల్‌కు వినపడని వారం

ఒడీల్ జాడిన్‌కు ఫుట్‌బాల్ అంటే పడదు. అమెరికాలో ఫుట్‌బాల్ పిచ్చికి పేరుమోసిన గ్రీన్ బేకు ఇరవై మైళ్ళ దూరంలో పుట్టి, అక్కడే పెరిగి, అక్కడే కాపురం చేసిన మనిషి ఆ మాట పైకి అనాలంటే గుండె ధైర్యం కావాలి. ఒడీల్ అనేది. "ఇరవై ఇద్దరు దున్నపోతులు ఒక తోలుముక్క కోసం కుమ్ముకుంటుంటే, నేను చలిలో కూచుని బిగుసుకుపోవాలా?" అనేది. అలాంటి మనిషి చేతికే ప్రతి ఆగస్టులోనూ ఊరు ఊరంతా తమ జట్టు జాతకం అప్పజెప్పేది.

జాతకమంటే అరచేతిలో పట్టే అట్టముక్క. మంగలి షాపులో, పెట్రోలు బంకులో ఊరికే ఇస్తారు. సెప్టెంబరు నుంచి జనవరి దాకా ఏ వారం ఎవరితో ఆటో అందులో వరసగా అచ్చువేసి ఉంటుంది, పక్కనే ఖాళీ గడులు. ఆటలు మొదలు కాకముందే ఎవరికి తోచిన గెలుపోటములు వాళ్ళు నింపుకుంటారు. టీవీలో కోటు వేసుకుని కూచున్న పెద్దమనుషుల జోస్యాలు సగానికి సగం బోల్తా పడతాయి. ఒడీల్ నింపిన కార్డులో మాత్రం ఒక్క గడి కూడా తప్పిన పాపాన పోలేదు.

ఇదంతా చర్చి పిక్నిక్‌లో, బూయా కుండ దగ్గర మొదలైంది. బూయా అంటే కోళ్ళు, ఎద్దుతోక, క్యాబేజీ, క్యారట్లు కలిపి తెల్లవారకముందే పొయ్యిమీద పడేసే పులుసు. బెల్జియం నుంచి వచ్చిన తాతముత్తాతల కాలం నుంచి ఆ పల్లెల్లో దానికి తిరుగులేదు. ఒడీల్ పెద్ద వంటమనిషి. పడవ తెడ్డంత కొయ్య గరిటె కుడిచేతిలో ఉంటుంది. కళ్ళద్దాలు ఆవిరికి మసకబారి ఉంటాయి కాబట్టి కార్డులో అచ్చు ఆమెకు ఆనదు. ఎవరి కార్డు వాళ్ళే ఆమె ముందు పట్టుకుని పైకి చదవాలి. ఒక్కో పేరు వినగానే ఆమె ఎడమచేత్తో పెన్సిలు ముక్క పట్టుకుని గెలుపుకు గీత, ఓటమికి సున్నా పెట్టేస్తుంది. ఆలోచించేది లేదు, ఆగేది లేదు.

"ఎలా తెలుస్తుందక్కా నీకు?" అని అడిగితే చీజ్ ఫ్యాక్టరీ సంగతి చెప్పేది. అక్కడ ముప్పై ఒక్కేళ్ళు ఆమె పని ఒకటే. బండిచక్రమంత చీజ్ దిమ్మల్ని చిన్న సుత్తితో తట్టి వినడం. లోపల గుల్లలు సరిగా పడ్డాయో, పగులిచ్చిందో చప్పుడే చెబుతుంది. "పేర్లూ అంతే. కొన్ని నిండుగా మోగుతాయి, కొన్ని డొల్లగా మోగుతాయి. నాదేముంది ఇందులో," అనేది.

మొదటి తేడా ముప్పయ్యేళ్ళ కిందట వచ్చింది. పిక్నిక్‌కు కోళ్ళిచ్చే క్లెమెంట్ బోడ్విన్ తన కార్డు చదువుతున్నాడు. తొమ్మిదో వారం దగ్గర ఆయన ఏమీ చదవలేదు. ఒడీల్‌కు అలాగే అనిపించింది. జట్టుకు మధ్యలో ఒక ఆదివారం ఆట లేకుండా విశ్రాంతి ఇచ్చే పద్ధతి అప్పుడే కొత్తగా వచ్చింది. దాన్ని బై అంటారు. పేరేదీ చదవలేదు గనక అది బై అనుకుని, గడిలో అదే రాసిపారేసింది.

చుట్టూ ఉన్నవాళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వారు. "బై ఏడో వారమే అయిపోయిందిగా అక్కా! తొమ్మిదో వారం ఆట ఉంది."

"ఈయన చదవలేదే!" అంది ఒడీల్.

"చదివానమ్మా తల్లీ, గొంతు చించుకుని చదివాను," అన్నాడు క్లెమెంట్. "నీ చెవుల్లో క్యాబేజీ పడినట్టుంది, తీసుకో."

తొమ్మిదో వారం శనివారం సాయంత్రం క్లెమెంట్ కోళ్ళ షెడ్డులో మేత తట్ట పక్కన ప్రాణం లేకుండా పడి కనిపించాడు. ఒడీల్ ఏడ్చింది, పూలు పట్టుకుని వెళ్ళింది. కార్డు సంగతి ఆమెకు తట్టనే లేదు.

ఆరేళ్ళ తర్వాత పోస్టాఫీసు లవీనా చదువుతూ చదువుతూ పద్నాలుగో వారం దగ్గర పెదాలు ఆడించి ఊరుకుంది. ఒడీల్ మళ్ళీ బై రాసింది. జనం మళ్ళీ నవ్వారు. ఆ డిసెంబరు ఆదివారం పొద్దున మంచుమీద లవీనా కారు జారి కాలవలో పడింది, మనిషి దక్కలేదు. ఆ రాత్రి ఒడీల్ అన్నం ముట్టలేదు.

మూడోది సొంత తమ్ముడు జెరోమ్. అప్పటికి ఆమెకు అర్థమైపోయింది. తమ్ముడు పదకొండో వారం చదివినప్పుడు పెదాలు మాత్రమే కదిలాయి. పొయ్యి చిటపటలు, చర్చి హాల్లో వాయిస్తున్న అకార్డియన్, పిల్లల కేకలు, అన్నీ ఎవరో పీక నొక్కినట్టు ఆగిపోయాయి. పన్నెండో వారంతో మళ్ళీ అన్నీ ఒక్కసారే వినపడ్డాయి. ఆమె చెయ్యి బై రాసింది, నోటితో మాత్రం ఏమీ చెప్పలేదు. ఏమని చెబుతుంది? నవంబరులో జింకల వేట మొదలైన వారం జెరోమ్ చెట్టు మీద మంచెలోనే, తుపాకీ ఒళ్ళో పెట్టుకుని, కూచున్నవాడు కూచున్నట్టే పోయాడు. చెట్టు కింద బండిలో రేడియోలో ఆట నడుస్తూనే ఉందట. ముగ్గురిలో ఏ ఒక్కరూ ఆ వారం ఆట ఎలా ముగిసిందో తెలుసుకోలేదు.

ఆ తర్వాత పన్నెండేళ్ళు ఒడీల్ పెన్సిలు ముట్టలేదు. చూపు మందగించిందని చెప్పుకుంది. అయినా ఏ కొట్లోనో ఎవరో పేర్లు చదువుతుంటే చెవిన పడేవి. పడ్డాయంటే ఫలితం తెలిసిపోయినట్టే. తమ్ముడికి చెప్పనందుకు తనమీద తనకు అసహ్యం. చెప్పి ఉంటే ఏమయ్యేదో తెలియక ఇంకా అసహ్యం.

ఈ ఏడు ఆమె దగ్గరకు కార్డు తెచ్చింది మొగుడు నార్బర్ట్. పాల ట్యాంకరు తోలి రిటైరైన మనిషి. తండ్రి నుంచి వచ్చిన, ఏటా ఆటలన్నిటికీ చెల్లే సీజన్ టికెట్ల మీద నలభై ఒక్కేళ్ళుగా సొంత మైదానంలో ఒక్క ఆట తప్పలేదు. కూతురి పెళ్ళి తేదీ కూడా జట్టు ఊళ్ళో లేని వారం చూసి పెట్టించిన ఘనుడు. ఆయన గుండెలో ఒక కవాటం పాడైంది. మంచు ముదిరేలోపల ఆపరేషను చేయించుకొమ్మని డాక్టరు చెప్పింది. నార్బ్ మాత్రం జనవరి దాకా ఆగుతానని భీష్మించుకున్నాడు.

"నింపవే. అన్నీ నిండితే ఆగుతాను. లేకపోతే ఆలోచిద్దాం," అన్నాడు కుండ దగ్గరకొచ్చి.

ఒడీల్ చప్పున తలెత్తింది. "లేకపోతే అంటే ఏంటి నీ ఉద్దేశం?"

"ముందు నింపు. చదువుతున్నా."

వద్దనడానికి నోరు తెరిచేలోపల ఆయన మొదలుపెట్టేశాడు. గీత, సున్నా, గీత, గీత. ఐదో వారం అసలు బై, అచ్చులోనే ఉంది. ఆరు, ఏడు, ఎనిమిది. ఆమె గరిటె తిప్పడం మరిచిపోయి ఆయన మూతి వంకే చూస్తోంది. పదకొండు దాటింది. పన్నెండు దగ్గర నార్బ్ పెదాలు కదిలాయి, మీసం కదిలింది.

చప్పుడు లేదు.

కుండలో బూయా తెర్లుతున్నట్టు కనిపిస్తోంది కానీ వినపడటం లేదు. ఎదురుగా ఒక ఆడమనిషి నోరంతా తెరిచి నవ్వుతోంది. తన గొంతులోంచి వచ్చే ఊపిరి కూడా ఒడీల్‌కు వినపడలేదు. ఎడమచెయ్యి తనంతట తాను బై రాయబోయింది. ఆ చేతిని పళ్ళ బిగువున ఆపి, గట్టిగా ఒక గీత గీసింది.

మళ్ళీ అన్నీ వినపడ్డాయి. మిగిలిన వారాలన్నీ సాఫీగా నిండాయి.

నార్బ్ కార్డు చేతిలోకి తీసుకుని చూశాడు. "పన్నెండో వారం గెలుస్తామా?"

"గెలుస్తాం. గీత పెట్టాగా, కనపడలా?"

"ఎవరిమీద?"

ఒడీల్ నోటికొచ్చిన జట్టు పేరు చెప్పింది. "మినెసోటా."

నార్బ్ పన్నెండో వారం అచ్చు మీద వేలు పెట్టి, కార్డు ఆమె కళ్ళద్దాల దగ్గరకు తెచ్చాడు. అక్కడున్నది డెట్రాయిట్.

ఒడీల్ గరిటెను కుండ అంచుకు ఆనించింది. "నీకెప్పట్నుంచి తెలుసు?" అంది.

"జెరోమ్ అప్పుడే. వాడి కార్డు మంచె కింద బండిలో దొరికింది, పదకొండో గడిలో బై అని ఉంది, నేనే తీసి దాచాను. నలభై ఏళ్ళు కాపురం చేశాను, నీ మొహం చదవడం రాదా నాకు?" పక్కనున్న బల్లమీద కూలబడ్డాడు. మొహం పాలిపోయింది కానీ గొంతు మామూలుగానే ఉంది. "అందుకే నీ చేతికిచ్చా. డాక్టరమ్మ మీద కన్నా నీ మీదే నమ్మకం నాకు."

"అబద్ధం ఆడాను నార్బ్. నువ్వు ఆపరేషను మానేస్తావని కూడా ఆలోచించలేదు. ఆ గడి ఖాళీగా ఉండకూడదు, అంతే అనుకున్నా."

"పదమూడు నుంచి మళ్ళీ వినపడిందా?"

ఆశగా అడిగాడు. ఆమెకు చెప్పక తప్పలేదు. "జెరోమ్ కార్డులోనూ తర్వాతవి వినపడ్డాయి. ముగ్గురివీ వినపడ్డాయి."

నార్బ్ కార్డుతో మోకాలి మీద కొట్టుకుంటూ కూచున్నాడు. ఉన్నట్టుండి తలెత్తాడు. "ఒసేయ్, బై వారం మన జట్టు చస్తుందా?"

"ఏంటా మాటలు?"

"చావదుగా. ఆడదు, అంతే. దెబ్బలకు పట్టీలు కట్టించుకుంటుంది, మోకాళ్ళు బాగుచేయించుకుంటుంది. మళ్ళీ వారం దిగుతుంది. ఆ ముగ్గురికీ నువ్వు రాసింది బై. చావు అని రాయలేదుగా? ఆ సంగతి తెలీక వాళ్ళు పనిలోకి దిగారు. నేను దిగను. ఆ వారమే ఆపరేషను పెట్టిస్తా."

"అదే వారం కత్తి కింద పడుకుంటావా! మతి పోయిందా నీకు?"

"ఎలాగూ పోయేవాడినైతే చెట్టుమీద పోవడం కన్నా డాక్టర్ల మధ్య పోవడం నయం కదే. కనీసం వాళ్ళు ఖాళీగా నిలబడరు."

ఆమె తిట్టింది, బతిమాలింది, రెండు రోజులు మాట్లాడటం మానేసింది. ఆయన పన్నెండో వారం గురువారానికి తేదీ ఖాయం చేసుకొచ్చాడు.

ఆటలు మొదలయ్యాయి. మొదటి వారం గీత, గెలిచారు. రెండో వారం సున్నా, ఓడిపోయారు. ఒడీలక్క మళ్ళీ దిగిందని ఊరంతా పండగ చేసుకుంటోంటే ఆమె ప్రతి ఆదివారం కార్డు తీసి ఫలితంతో సరిచూసుకునేది. ఒక్క గడి తప్పితే చాలు, అంతా ఉత్తదే అనుకుని హాయిగా నిద్రపోవచ్చు. తప్పలేదు. ఈసారి డెట్రాయిట్‌తో ఆడే ఆ ఒక్క ఆట పేరు ఎవరెత్తినా ఆమెకు వినపడేది కాదు. కిరాణా కొట్లో జనం పెదాలు ఆడిస్తూ నిలబడేవారు. పన్నెండో వారం దగ్గర పడే కొద్దీ వాళ్ళు ఎక్కువమంది అయ్యారు.

గురువారం ఆపరేషను అయింది. నార్బ్ కళ్ళు తెరిచాడు. ఆదివారానికి మామూలు గదిలోకి మార్చారు. డాక్టరమ్మ సంతోషంగా ఉంది. ఒడీల్‌కు ఆ సంతోషం లేదు. ఆట ఇంకా కాలేదు.

మధ్యాహ్నం నర్సు వచ్చి టీవీ పెట్టబోయింది. ఒడీల్ తీగ పీకేసింది.

"పోనీలేమ్మా," అన్నాడు నార్బ్ నర్సుతో నీరసంగా. "ఇవాళ నాకు బై." అలా అంటూనే నిద్రలోకి జారుకున్నాడు.

వరండాలో పక్క గదుల టీవీలు మోగుతున్నాయి. ఒకసారి అరుపులు, ఒకసారి నిట్టూర్పులు. ఒడీల్ మంచం పక్కనే కుర్చీ వేసుకుని, ఆయన గుండె లయ చూపించే యంత్రం కూతలు లెక్కపెడుతోంది. ఆట మొదలై మూడో గంట దాటుతుండగా కూత ఆగింది.

యంత్రంలో పచ్చగీత ఇంకా కదులుతోంది. కూత లేదు. వరండాలో అరుపులు లేవు. తలుపు అద్దం అవతల ఒకతను చేతులు పైకెత్తి ఏదో అరుస్తున్నాడు, వినపడటం లేదు. ఒడీల్ నర్సు గంట నొక్కలేదు. నార్బ్ ఛాతీమీద పట్టీలకు పక్కగా అరచెయ్యి ఆనించింది. చేతికింద కొట్టుకుంటోంది. చెవికి అందకపోయినా చేతికి అందుతోంది. "పోనివ్వను," అంది తనకే వినపడని గొంతుతో. చెయ్యి తిమ్మిరెక్కినా తియ్యలేదు. ఎంతసేపు అలా ఉందో ఆమెకే తెలియదు.

కూత వచ్చింది. దాని వెనకే వరండాలో కుర్చీలు జరుపుతున్న చప్పుడు, ఎవరో దగ్గిన చప్పుడు, టీవీలో ప్రకటనల పాటలు.

నార్బ్ కళ్ళు తెరిచాడు. "చెయ్యి తియ్యవే, బరువు. అయిపోయిందా ఆట?"

"అయిపోయింది."

"ఎవరు గెలిచారు?"

చెప్పడానికి నోరు తెరిచింది ఒడీల్. చెప్పడానికి ఏమీ లేదు. ఆ గడిలో తాను గీసింది ఉత్త అబద్ధం. ఎప్పుడో ఆగస్టులోనే తెలిసిపోయి, ఆదివారాలన్నీ చద్దిగా మారిన ఇన్నేళ్ళలో ఎవరి నోటినుంచీ ఆమె చెవిన పడని ఆట ఇదొక్కటే.

"తెలీదు," అంది. అని, ఆ మాట మళ్ళీ అంది. "నాకు తెలీదు నార్బ్. నిజంగా తెలీదు." కళ్ళవెంట నీళ్ళు ధారగా కారుతున్నాయి, తుడుచుకోలేదు.

"అయితే ఏడుస్తూ కూచోకపోతే, పోయి ఎవర్నన్నా కనుక్కుని రా," అన్నాడు నార్బ్.

ఒడీల్ లేచి వరండాలోకి పరిగెత్తినంత పని చేసి, ఎదురొచ్చిన మొదటి మనిషి చొక్కా చెయ్యి పట్టుకుని, ఎవరు గెలిచారని అడిగింది.