వేపమండ పట్టుకున్న దెయ్యం

ఇలా నా పక్కకు జరగండి. ఫ్యాను చప్పుడులో సగం మాట పోతుంది, ఒకసారి చెప్పింది మళ్ళీ చెప్పే ఓపిక నాకు లేదు. పైగా ఈ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. మధ్యలో గొంతు పెరిగితే అది మీమీద కాదు.

మేముండేది హౌరా వైపు, టికియాపారాలో. మా ఆయన రైల్వేలో చేసేవాడు, ఇప్పుడు మా అబ్బాయి షాలిమార్ గూడ్స్ యార్డులో చేస్తున్నాడు. వాడి కూతురు ఇక్కడే పుట్టి ఇక్కడే చదివింది. ఇద్దరు స్నేహితులతో కలిసి కంప్యూటర్లో ఒక భయం ఆట తయారు చేసింది. గంటలో అయిపోయే చిన్న ఆట. సోమవారం దాన్ని నెట్‌లో పెడతామంది, లోకంలో ఎవరైనా ఆడుకోవచ్చట. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక కిటికీలు మూసి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఆడి చూపించింది.

బాగున్నది బాగుందనే చెప్తాను. మా క్వార్టర్లలాంటి పాత ఇళ్ళలో ఒక పిల్ల తప్పిపోయిన తమ్ముడిని వెతుకుతుంటుంది. చేతిలో టార్చి. వెలిగించినకొద్దీ బ్యాటరీ తరిగిపోతుంది. ఇప్పుడు చూసుకుంటే తర్వాత చీకటి, దాచుకుంటే ఇప్పుడే చీకటి. ఆ ఇరకాటం నాకు నచ్చింది. దూరంగా గూడ్సు పెట్టెలు ఒకదాన్నొకటి గుద్దుకునే చప్పుడు మా మేడమీద నుంచి పట్టిందే. పిల్ల మంచం కింద దాక్కున్నప్పుడు నేనూ ఊపిరి బిగబట్టాను.

బాగులేనివీ ఉన్నాయి. ప్రతి తలుపుకీ ఒక తాళం, ఆ తాళంచెవి ఇంకో గదిలో. భయపడాల్సిన మనిషి వెతికి వెతికి విసుక్కుంటుంది. దెయ్యాన్ని మొదట్లోనే దీపం కింద నిలబెట్టి మొహమంతా చూపించేశారు. నేను పిల్లలకు దెయ్యం కథ చెబితే దాని అడుగుల చప్పుడు దగ్గర ఆపి, అన్నం ముద్ద చేతిలో పెట్టేదాన్ని. మిగతా దెయ్యాన్ని వాళ్ళే తయారు చేసుకునేవాళ్ళు. ఆ మాట మనవరాలితో అందామనుకుంటూనే ఆ మొహం వైపు మళ్ళీ చూశాను.

పసుపు రాసుకున్న మొహం. విరబోసుకున్న జుట్టు. చేతిలో వేపమండ. అదుండే గది గుమ్మానికి వేపాకులు. అది మంచం మీదకు వంగి అంది:

"వచ్చీసినాను నాయినా. గోకీకు. నానున్నాను కదా."

ఆ గొంతు నాది.

అంతకు కొన్నాళ్ళ ముందు మనవరాలు ఫోను నా ముందు పెట్టి, చిన్నప్పుడు వాళ్ళ నాన్నకు అమ్మవారు పోసినప్పుడు ఏమనేదానివని అడిగింది. ముచ్చటపడి అడిగిందనుకున్నాను. అన్నీ చెప్పాను. గుమ్మానికి వేపాకులు కట్టాం. ఇంట్లో తాలింపు వెయ్యలేదు, నేను మొహానికి పసుపు రాసుకోవడమే తప్ప తల దువ్వుకోలేదు. పిల్లాణ్ణి వేపాకుల మీద పడుకోబెట్టి, దురద పెట్టిన చోటల్లా లేత మండతో నిమిరాను. పక్కింటి బెంగాలీ దీదీ గుమ్మం బయటే ఆగి, "మాయేర్ దోయా" అని, అంటే అమ్మ దయ అని, దండం పెట్టి కొబ్బరిబోండాం అక్కడ ఉంచి వెళ్ళేది. పరాయి భాష మనిషికి అర్థమైంది.

"ఇదేటే?" అన్నాను.

"దెయ్యం మామ్మా! భయమేసిందా?"

"దెయ్యమేటి? అది నానే కదే!"

"ధుర్, నువ్వు కాదు. వాయిస్ ఒక్కటే నీది."

"మరి ఆ వేపాకులేటి?"

"దెయ్యం ఉన్న గదికి గుర్తు. వేపాకు కట్టిన ఇంట్లోకి ఎవరూ వెళ్ళరని నువ్వే కదా చెప్పావు."

"ఎందుకెల్లరో ఇన్నావేటి? లోపల జబ్బు పిల్లడు పడుకున్నాడని ఎల్లరు. భయంతో పారిపోతారని చెప్పినానా? మీ నాయిన ఒళ్ళంతా పొక్కులైతే రేయీ పగలూ కూకుని నిమిరిన సెయ్యే అది. దాన్ని దెయ్యం సెయ్యి సేసీసినావా, గుంటా?"

దాని మొహం చిన్నబోయింది. కానీ తగ్గలేదు.

"నిజంగా తెలీదు మామ్మా. కానీ ఆడి చూసినవాళ్ళంతా ఆ వాయిసే గొప్పగా ఉందన్నారు. తెలుగు రానివాళ్ళు కూడా వణికిపోయారు. అది తీసేస్తే ఇందులో ఏమీ మిగలదు."

"మిగలకపోతే పోనీ. నా మాట నాకిచ్చీ."

"రేపే రిలీజ్. అది నువ్వని ఎవరికి తెలుస్తుంది చెప్పు?"

మేం అరుచుకుంటుంటే ఆట ఆగలేదు. ఆ దెయ్యం మళ్ళీ వంగి, "వచ్చీసినాను నాయినా" అంది. పక్క గదిలో డ్యూటీ దిగి నిద్రపోతున్న మా అబ్బాయి లుంగీ సర్దుకుంటూ గుమ్మంలోకి వచ్చాడు.

"ఏటమ్మా, పిలిసినావేటి?"

వాడు కంప్యూటర్ వైపు చూశాడు. పసుపు మొహం, వేపమండ, తెర నిండా. వెనక్కి వెళ్ళి తలుపు దగ్గరకు వేసుకున్నాడు.

పిల్ల కంప్యూటర్ మూసేసింది. సాయంత్రమంతా ఫోనులో స్నేహితులతో బెంగాలీలో గొడవపడింది. మర్నాడు ఆట నా గొంతు లేకుండానే బయటకు వెళ్ళింది. దెయ్యం ఇప్పుడు గుర్రుమంటుంది, అంతే. ఆడినవాళ్ళు చీకటి బాగుందని, టార్చి బాగుందని, దెయ్యం మాత్రం చప్పగా ఉందని రాశారట. నేనూ మళ్ళీ ఆడించి చూశాను. నిజమే, భయం సగానికి సగం పోయింది. పోనీ. నాకేమీ బాధ లేదు.

వేపాకులు మాత్రం ఇంకా ఆ గుమ్మానికే ఉన్నాయి. బొమ్మలు మళ్ళీ గీయాలంటే చాలా పనట. చేసుకోమన్నాను. ఇంకా మొదలు పెట్టలేదు. అంతవరకు ఆ ఆటను దాని ముందు నేను మెచ్చుకోను, నా కోపం పోదు.

విన్నారు కదా, ఇక లేవండి. మీ ఇంట్లో కంచాలు ఎప్పుడూ ఖాళీగా ఉండకూడదు. మీ పిల్లలు మీతో ఎంత పోట్లాడినా, పొద్దుగూకేసరికి అంతా ఒకే చాప మీద కూర్చుని తినాలి.