మూడో మంచం ఖాళీ

నా చిన్నప్పుడు మా క్వార్టర్లో నాలుగు నవారు మంచాలుండేవి. మనుషులమూ నలుగురమే. నాన్న, అమ్మ, నేను, మా నాయనమ్మ. ఇందులో రాసుకోవడానికేముంది అని అలా చూడకు, రాయి. నేను చెప్పబోయేదంతా ఆ మంచాల గురించే.

ఇదే ఢిల్లీలో, నువ్వు రోజూ కాలేజీకి వెళ్ళే ధౌలా కువాన్‌కి దగ్గర్లోనే మా క్వార్టర్లుండేవి. ఇప్పుడు ఏ ఫ్లైఓవర్ కింద ఉన్నాయో, అసలు ఉన్నాయో లేవో నాకు తెలియదు. రెండు గదులు, ముందు వరండా, వరండా ముందు పచ్చగడ్డి. చలికాలం వస్తే ఆ గడ్డి మీద అందరూ మంచాలు వేసుకుని ఎండలో బఠానీలు వలుచుకునేవారు. మా నాన్న గవర్నమెంటు ఆఫీసులో క్లర్కు. ఆ వరసలో తెలుగు ఇళ్ళు రెండే. ఒకటి మాది, రెండోది పక్కింటి అక్కవాళ్ళది. అక్క వాళ్ళ పిన్ని దగ్గర ఉండి పెద్దాస్పత్రిలో నర్సు ట్రైనింగ్ చేసేది. కృష్ణా జిల్లా పిల్ల. నవ్విందంటే మా ఇంట్లోకి వినిపించేది.

మా నాయనమ్మ కూడా నర్సే. ఊళ్ళో మిషన్ ఆస్పత్రిలో ముప్పై ఏళ్ళకు పైగా ఆడవాళ్ళ వార్డు చూసింది. మా తాతయ్య పోయాక నాన్న వెళ్ళి ఢిల్లీ తీసుకొచ్చాడు. వస్తూ రెండు తెల్లచీరలు, జాకెట్టుకి పిన్నుతో తగిలించుకునే చిన్న గడియారం తెచ్చుకుంది. మొదటి ఏడాది బాగానే ఉంది. నాకు బైబిలు కథలు చెప్పేది, దెబ్బ తగిలితే కట్టు కట్టేది. ఆవిడ కట్టు కడితే ఎంత పరిగెత్తినా ఊడేది కాదు.

తర్వాత ఒక్కొక్కటీ మొదలైంది. టీలో ఉప్పు వేసింది. నన్ను మా మేనత్త పేరుతో పిలిచింది. అవన్నీ నవ్వుకునే విషయాలే. నవ్వలేనిది సాయంత్రం వ్యవహారం. నాలుగు దాటి ఎండ పల్చబడగానే తెల్లచీర కట్టుకుని, గడియారం తగిలించుకుని తిరగడం మొదలుపెట్టేది. ఒక్కో మంచం దగ్గరా ఆగడం, దుప్పటి సర్దడం, గుమ్మంలోకి వెళ్ళి రోడ్డు చూడడం, మళ్ళీ రావడం. కూర్చోమంటే కూర్చోదు. అన్నం పెడితే, డ్యూటీలో ఉండగా తింటారా అని అమ్మని కోప్పడేది. అమ్మని వార్డులో ఆయా అనుకునేది. కాళ్ళు వాచినా కూర్చునేది కాదు. అలిసిపోయి ఎక్కడో ఒకచోట గోడకి ఒరిగి కునుకు తీసేదాకా ఇదే.

ఇప్పట్లా దీనికో పేరుందని మాకెవరికీ తెలియదు. పెద్దతనం అనేవారు, చాదస్తం అనేవారు. నాన్న ఆఫీసు నుంచి వచ్చి రోజూ ఒకటే చెప్పేవాడు. ఇది ఆస్పత్రి కాదమ్మా, ఇల్లు. నువ్వు రిటైరయ్యావు. ఇది ఢిల్లీ. ఒక్కొక్కటీ కోర్టులో వకీలులాగా వరసగా రుజువు చేసేవాడు. ఆవిడ శ్రద్ధగా వినేది. విని, ఈ పేషెంటుకి జ్వరం నెత్తికెక్కింది అని నాన్న నుదుటి మీద చెయ్యి వేసి చూసేది. నేను పకపకా నవ్వేదాన్ని. నాన్నకి నవ్వు వచ్చేది కాదు.

అమ్మకి అసలు రాలేదు. పగలంతా నాయనమ్మతో ఉండేది అమ్మే కదా. చర్చిలో పాటలన్నిటికీ ముందు గొంతెత్తే మనిషి పెదవులు కదిపి ఊరుకోవడం మొదలుపెట్టింది. మధ్యాహ్నం నడుం వాల్చడం మానేసింది. నిలబడే తినేది. ఒకరోజు స్నానాల గదిలో కుళాయి చాలాసేపు పారుతూనే ఉంటే తలుపు తట్టాను. కళ్ళెర్రగా వచ్చి, సబ్బు పడిందే అంది. సబ్బు బయట అరుగు మీదే ఉంది. నేను చూశాను. తొమ్మిదేళ్ళ పిల్లకి కూడా కొన్ని అర్థమవుతాయమ్మా.

చివరికి నాన్న, ఊళ్ళో ఉన్న మా పెదనాన్నకి ఉత్తరం రాశాడు. మన అమ్మని తీసుకొచ్చి నీ దగ్గర దింపుతాను, ఇక్కడ మా వల్ల కావడం లేదు అని. పెదనాన్న ఇంట్లో నాయనమ్మని చూసేవాళ్ళెవరూ లేరని నాన్నకీ తెలుసు. అందుకేనేమో ఉత్తరం అంటించి కూడా పోస్టు చెయ్యలేదు, జేబులో పెట్టుకుని తిరిగాడు. నాకు మాత్రం నాయనమ్మ వెళ్ళిపోతుందని భయం పట్టుకుంది. రాత్రి ప్రార్థనలో మిగతావన్నీ మానేసి ఆ ఒక్కటే అడిగేదాన్ని.

ఆ ఉత్తరం జేబులో ఉన్నప్పుడే నాన్నకి ఇంకో ఆలోచన వచ్చింది. చీర, గడియారం కనబడకపోతే డ్యూటీ సంగతి మరిచిపోతుంది కదా అని. చీరలు పెట్టెలో పెట్టి తాళం వేశాడు. గడియారం దాచే పని నాకు అప్పజెప్పాడు. నేను దాన్ని బియ్యం డబ్బా అడుగుకి తోసేశాను. గొప్ప పని చేశాననుకున్నాను.

మర్నాడు సాయంత్రం నాయనమ్మ చాలాసేపు వెతికింది. ఆ తర్వాత ఎప్పుడూ లేనిది, మంచం అంచున కూర్చుంది. అమ్మయ్య, ఎత్తు పారిందనుకున్నాం. అప్పుడు మెల్లగా అమ్మని అడిగింది. "నన్ను తీసేశారా అమ్మా? ఏం తప్పు చేశాను?"

నాయనమ్మ శబ్దం లేకుండా ఏడ్చింది. ఆస్పత్రిలో తన వల్ల ఎవరైనా పోయారా అని అడిగింది. ఏ సూది తప్పు వేశానో చెప్పమంది. ముప్పై ఏళ్ళు మచ్చ లేకుండా పనిచేసిన మనిషమ్మా ఆవిడ. ఎవరూ చెయ్యని నేరం కోసం ఆ సాయంత్రమంతా తన చేతులు చూసుకుంటూ కూర్చుంది.

మూడో రోజు నావల్ల కాలేదు. బడి నుంచి రాగానే బియ్యం డబ్బాలో మోచేతి దాకా చెయ్యి పెట్టి గడియారం తీశాను. అంటిన తవుడు దులిపి నాయనమ్మ జాకెట్టుకి నేనే తగిలించాను. అమ్మ చూసింది. వెళ్ళి పెట్టె తాళం తీసి చీర ఇచ్చింది. ఇక మళ్ళీ మొదలు. మంచాలు, దుప్పట్లు, గుమ్మం, రోడ్డు.

అదిగో, సరిగ్గా అప్పుడు పక్కింటి అక్క వచ్చింది. వాళ్ళ కిరసనాయిలు స్టవ్వు పూడుకుపోతే పిన్ను అడగడానికొచ్చింది. అప్పుడే ఆస్పత్రి నుంచి దిగిందేమో, ఇంకా యూనిఫాంలోనే ఉంది. గుమ్మంలో తెల్లబట్టలు చూడగానే నాయనమ్మ నిటారుగా నిలబడింది. గడియారం పైకెత్తి చూసుకుంది.

"ఏమ్మా, ఇప్పుడా రావడం? ఎనిమిది నిమిషాలు లేటు."

అమ్మ ఏదో సర్దిచెప్పబోయింది. అక్క చెయ్యి అడ్డం పెట్టి ఆపింది. నాయనమ్మని కింద నుంచి పైదాకా ఒక్కసారి చూసింది. చెప్పులు విడిచి, చేతులు వెనక్కి కట్టుకుని, క్లాసులో పాఠం అప్పజెప్పే పిల్లలాగా నిలబడింది.

"సారీ సిస్టర్. బస్సు దొరకలేదు. రిపోర్టు ఇవ్వండి, వార్డు నేను తీసుకుంటాను."

నాయనమ్మ ముఖం ఎలా విప్పారిందో నీకు చెప్పలేను. అన్ని నెలలుగా గుమ్మంలో ఎదురుచూస్తున్న మనిషి వచ్చేసింది. అక్కని వెంటబెట్టుకుని మంచం మంచానికీ తిప్పింది. అప్పుడే ఆఫీసు నుంచి వచ్చి పేపరు పట్టుకుని వాలిన నాన్న ఒకటో మంచం. మొండి పేషెంటు అంది. చెప్పింది వినడు, ఎదురు పాఠాలు చెబుతాడు, విరేచనాల మందు ఇస్తే నెమ్మదిస్తాడు. అక్క చాలా సీరియస్‌గా తలూపి, ఇస్తాను సిస్టర్ అంది. నాన్న పేపరు ఇంకా పైకెత్తుకున్నాడు. రెండో మంచం నాది. జ్వరం లేదు, వాగుడు ఉంది, దానికి మందు లేదు. ఇంకో యాభై ఏళ్ళయినా తగ్గదని నాయనమ్మ ఆ రోజే చెప్పేసిందన్నమాట. నవ్వకు, రాయి.

మూడో మంచం దగ్గర ఆగింది. అది అమ్మది. ముడత లేని దుప్పటి. దాని మీద అరచెయ్యి పెట్టి చూసి, గొంతు తగ్గించి చెప్పింది.

"మూడో మంచం ఖాళీ. పడుకోవాల్సిన మనిషి పడుకోవడం లేదు. జబ్బేమీ లేదమ్మా, అలసట. ముందు ఈమెని చూడు."

వంటగది గుమ్మంలో ఉన్న అమ్మ అక్కడే, గడప మీదే కూర్చుండిపోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఈసారి సబ్బు అనలేదు. నాన్న పేపరు కిందికి దించి అమ్మ వైపు చూశాడు. చాలా రోజులకి సరిగ్గా చూశాడనుకుంటాను. వాళ్ళమ్మ గురించి రోజూ మాట్లాడేవాడు గానీ, మా అమ్మ గురించి ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు. అమ్మని ఆయా అనుకునే నాయనమ్మకే అది కనబడింది.

రిపోర్టు అయిపోయింది. నాయనమ్మ జాకెట్టు నుంచి గడియారం తీసేసింది. ఇక నేను ఇంటికి వెళ్తానంది. నాలుగు అడుగులు వేసి గది దాటి తన మంచం మీద కూర్చుంది. అదే ఆవిడ ఇల్లు. ఆకలేస్తోందమ్మా అంది. రెండుసార్లు అన్నం పెట్టించుకుని తిని, గడియారం దిండు కింద పెట్టి, కాళ్ళు చాపుకుని పడుకుంది.

స్టవ్వు పిన్ను తీసుకుని వెళ్తున్న అక్క వెనకాలే వరండాలోకి పరిగెత్తాను. నీకెలా తెలిసిందని అడిగాను. అక్క నా జడ సవరిస్తూ చెప్పింది. "డ్యూటీ అయిపోయింది వెళ్ళమ్మా అంటే నర్సు వెళ్ళదే. తీసుకునే మనిషి రావాలి. రాకపోతే రెండో డ్యూటీ కూడా తనే చెయ్యాలి. మీ నాయనమ్మ ఎన్ని డ్యూటీలు చేసిందో చూడు." మా గుమ్మం వైపు చూసి, మీ అమ్మ కూడా, అంది.

ఆ రాత్రి అన్నాలయ్యాక నాన్న జేబులోంచి ఉత్తరం తీసి చలికాచుకునే అంగీఠీ బొగ్గుల మీద వేశాడు. నేను చూస్తున్నానని చూసి, చలిగా ఉందిరా అన్నాడు.

మర్నాటి నుంచి మా ఇంట్లో డ్యూటీలు పడ్డాయి. అక్క ఉన్న రోజు అక్క, లేని రోజు నేను. నా తెల్ల ఫ్రాకు, నెత్తిన మడిచి పెట్టుకున్న రుమాలు, చేతిలో లెక్కల నోటు పుస్తకం. మొదటి రోజు నన్ను చూసి నాయనమ్మ, వీళ్ళకి మనుషులే దొరకడం లేదా అని వాపోయింది. అయినా రిపోర్టు ఇచ్చింది. ఎదురింటి పంజాబీ ఆంటీ కూడా వచ్చి వరసలో నిలబడేది. మోకాళ్ళ నొప్పుల గురించి ఆవిడ హిందీలో చెప్పేది, నాయనమ్మ తెలుగులో వైద్యం చెప్పేది. ఒకరి మాట ఒకరికి అర్థం కాకుండానే ఇద్దరూ తృప్తిగా విడిపోయేవారు. బహుత్ అచ్ఛీ డాక్టర్ హై, చాలా మంచి డాక్టరు అని ఆంటీ వరసంతా చెప్పి వచ్చింది.

రోజూ పారిందని అనను. కొన్ని రోజులు, చిన్నపిల్లకి వార్డు ఎలా అప్పగిస్తానని మొండికేసేది. ఆ రోజుల్లో ఎవరి పప్పులూ ఉడికేవి కావు. కానీ అసలు డ్యూటీ మార్పు ఇంకొకటి జరిగింది. నాన్న ఆఫీసు నుంచి రాగానే అమ్మ ఎదురుగా నిలబడి, రిపోర్టు ఇవ్వు, అనేవాడు. మొదట్లో అమ్మకి సిగ్గు. పగలు అత్తయ్య ఏం తిన్నారు, ఏమడిగారు, తనకి ఎక్కడ విసుగొచ్చింది, అన్నీ చెప్పేది. విసుగు సంగతి కూడా చెప్పాలని నాన్న రూలు పెట్టాడు. చెప్పేసి, చెప్పులు వేసుకుని పంజాబీ ఆంటీతో మార్కెట్ దాకా నడిచొచ్చేది. ఒక్కోసారి చర్చి పాటల ప్రాక్టీసుకి వెళ్ళేది. ఆ ఏడాది క్రిస్మస్‌కి అమ్మ గొంతు మళ్ళీ అందరికంటే ముందు వినిపించింది. నాయనమ్మ ముందు వరసలో కూర్చుని, ఈ ఆయా బాగా పాడుతుందే అని నా చెవిలో అంది.

ఆ తర్వాత రెండేళ్ళు ఉంది మా నాయనమ్మ. తన మంచం మీదే, తన ఇంట్లోనే వెళ్ళిపోయింది.

ఇదంతా నాకు తెలుసు కదా. అయినా మీ తాతయ్య ఈ పదకొండో అంతస్తులో బాల్కనీలో నిలబడి బస్సు ఇంకా రాలేదేమిటని అడగడం మొదలుపెట్టినప్పుడు, నేను ఆరునెలలు ఎవరికీ చెప్పలేదు. మీ అమ్మ ఫోను చేస్తే సబ్ ఠీక్ హై అన్నాను. ఒకరోజు నిలబడి అన్నం తింటూ ఉంటే నువ్వు చూసి, నానీ, ఆప్ బైఠ్ కే క్యూ నహీ ఖాతీ అన్నావు, కూర్చుని తినవేం అమ్మమ్మా అని. చేతిలో ముద్ద అలాగే ఆగిపోయింది. నా మంచం నాకు కనబడింది. ఆ సాయంత్రమే నిన్ను ఎదురుగా నిలబెట్టి మొదటి రిపోర్టు ఇచ్చాను.

కాబట్టి ఇవాళ్టిది కూడా రాసుకో. తాతయ్య ఇడ్లీ రెండు తిన్నారు. బస్సు గురించి నాలుగుసార్లు అడిగారు. మూడుసార్లు బాగానే చెప్పాను, నాలుగోసారి గట్టిగా అరిచాను. తర్వాత చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. షేవింగ్ చేయించుకోలేదు, నువ్వడిగితే చేయించుకుంటారు. నువ్వు ఇవాళ పన్నెండు నిమిషాలు లేటు. మెట్రో అంటావు. మా నాయనమ్మ అయితే ఊరుకునేది కాదు.

వార్డు అప్పగించాక నర్సు వెనక్కి తిరిగి చూడకూడదని అక్క నేర్పింది. నాకు అరవై ఏళ్ళు దాటినా ఆ ఒక్కటీ నేర్చుకోలేకపోయాను. లిఫ్టు దాకా వెళ్ళి ఒకసారి తిరిగి చూస్తాను. నువ్వు ఆయన పక్కన కూర్చుని, బస్సు ఎన్నో నంబరు తాతయ్యా అని అడుగుతూ ఉంటావు. అప్పుడు నడకకి కిందికి దిగుతాను. నా చెప్పులు ఇలా అందించు.