ఒక్కచోట మార్చిన పేరు

నిరుడు దోర్నపాల్ హాస్టల్లో ఉండి పదో తరగతి చదువుతున్నప్పటి సంగతి. అంతకుముందు కంప్యూటర్లో రంగుల బ్లాకులు జతచేసి ఆటలు తయారుచేసిన మేము, అప్పుడప్పుడే కోడ్ టైపు చేయడం నేర్చుకుంటున్నాం. బడిలో ప్రదర్శన కోసం నా స్నేహితురాలు జోగి అడవి పిట్టల మీద క్విజ్ రాసింది. అందులో మార్కులు దాచే వేరియబుల్‌కు తన పేరే పెట్టుకుంది.

కోడ్ చూసినవాళ్ళు నవ్వుతారేమోనని, ప్రదర్శన రోజు పొద్దున తనకు చెప్పకుండా మొదటి వరుసలో ‘జోగి’ తీసేసి ‘మార్క్స్’ అని పెట్టాను. బ్లాకుల్లో ఒకచోట పేరు మారిస్తే అన్నిచోట్లా దానంతటదే మారేది. ఇక్కడా అంతేననుకున్నాను.

చింతలనార్ నుంచి జోగి వాళ్ళ నాన్న కూడా వచ్చాడు. అతిథిగా వచ్చిన మేడమ్ మొదటి జవాబు సరిగ్గా చెప్పగానే క్విజ్ ఆగిపోయి, తెర మీద ఎర్ర అక్షరాలు వచ్చాయి. కింది వరుసల్లో పాత పేరే ఉండిపోయింది; ‘జోగి’ అంటే ఏమిటో తెలియదంటోంది కంప్యూటర్.

“ఏంది జోగీ, చెక్ చేసుకోలేదా?” అన్నారు మా కంప్యూటర్ సారు.

“గల్తీ నాదే సార్,” అంది జోగి కళ్ళనిండా నీళ్ళతో. మేడమ్ పక్క బల్ల దగ్గరికి వెళ్ళిపోయారు.

అతిథులు వెళ్ళాక సారుకీ, జోగికీ పేరు మార్చింది నేనేనని ఏడుస్తూ చెప్పేశాను.

“నన్నొక్క మాట అడగొద్దానే?” అంది జోగి. మొదటి వరుసలో మళ్ళీ తన పేరే రాసుకుంది. వాళ్ళ నాన్నను కూర్చోబెట్టి ప్రశ్నలన్నీ తమ ఇంటి భాష దోర్లీలో అడిగింది. ఆయన ఒక్కటీ తప్పు చెప్పలేదు. ఇద్దరూ నవ్వుకుంటుంటే నేను తలెత్తలేకపోయాను. కోడ్ సరిచేయడానికి ఒక్క నిమిషం చాలింది. వెళ్ళిపోయిన మేడమ్‌ను మాత్రం నేను వెనక్కి తేలేకపోయాను.