నాన్న రేజర్‌కు పట్టిన నలుపు

నాన్న పోయి నెల దాటింది. ఎల్బీనగర్ ఇంట్లో ఆయన చొక్కాలు, మందుల చీటీలు సర్దీ సర్దీ అలసిపోయి కూలబడ్డాను. అల్మారా మూలన ఆయన ఇత్తడి రేజర్ కనబడింది. మన ఈడువాళ్ళకు గుర్తుందా? పిడి తిప్పితే పైన రెండు రెక్కలు తెరుచుకునేవి, వాటి మధ్య బ్లేడు పెట్టేవాళ్ళు.

"మొత్తం నల్లగైంది గదక్కా. దిల్‌సుఖ్‌నగర్‌ల పాలిష్ పెట్టిస్త" అన్నాడు తమ్ముడు.

"వద్దురా" అన్నాను.

ఆరో తరగతి ఎండాకాలం సెలవుల్లో ఆ పని నేనే చేశాను. చింతపండు, బూడిద పెట్టి వేళ్ళు మండేదాకా తోమాను. బంగారంలా మెరిసింది. డ్యూటీ నుంచి వచ్చిన నాన్న దాన్ని తిప్పి తిప్పి చూసి, పిడిని బొటనవేలితో తడుముతూ కూర్చున్నాడు. అది తాతదట. పిడి మీది నలుపు తాత వేళ్ళు పట్టీ పట్టీ వచ్చిందని అమ్మ చెబితే ఏడ్చేశాను.

నాన్న దగ్గరికి తీసుకున్నాడు. "ఏడ్వకు బిడ్డా. రోజూ నేను పట్టుకుంట గద, మళ్ళ నల్లగైతది."

ముప్పై ఏళ్ళకు పైగా పట్టుకున్నాడు. ఇప్పుడున్న నలుపంతా ఆయనదే.

ఇదంతా విని తమ్ముడు రేజర్‌ను చేతిలోకి తీసుకున్నాడు. "నాకెన్నడూ చెప్పలే గదక్కా" అని, రేజర్‌ను రుమాలులో చుట్టుకుని అల్మాస్‌గూడలోని తన ఇంటికి వెళ్ళిపోయాడు.

ఇవాళ పొద్దున ఫోన్ చేశాడు. "గడ్డం మూడు తావుల తెగిందక్కా. నాన్న దీంతోని రోజూ ఎట్ల గీసుకున్నడో ఏమో!"

నవ్వొచ్చింది. ఈ నెలలో అదే మొదటిసారి.