పెన్సిల్ టిక్కులు

లాండ్రీలో అందరూ ఆమెను లెక్కలక్క అంటారు. ఆసుపత్రి నుంచి వచ్చిన మూటలో ఎన్ని దుప్పట్లున్నాయో చీటీ మీద రాసే ఉంటుంది. అయినా నమ్మదు, విప్పి ఒక్కొక్కటే ఎంచుతుంది. లెక్క సరిపోతే "ఈసారికి సరిపోయిందిలే" అంటుంది. అలాంటి మనిషి కట్టుకున్నవాణ్ణి మాత్రం ఊరికే నమ్ముతుందా?

మొగుడు నీళ్ల క్యాన్ల టెంపో నడుపుతాడు. పెద్ద కూడలి మీదుగా వస్తే ఇల్లు పది నిమిషాలు. ఈయనగారు మాత్రం దర్జీ కొట్ల వెనక సందులన్నీ చుట్టి అరగంటకు చేరతాడు. అడిగితే "ట్రాఫిక్కే" అంటాడు. ట్రాఫిక్కట! ఆ సందులో ఎవతో ఉందని ఆమె పన్నెండేళ్ల కిందటే తేల్చేసుకుంది. ఆ మొహం చూడటం ఒక్కటే మిగిలింది.

ఇస్త్రీ ఆవిరికి ఆమెకు ఆయాసం పట్టుకుంది. ఆ గది మానకపోతే ఊపిరితిత్తులు దక్కవంది డాక్టరమ్మ. యజమానురాలు జాలిపడి, "సోమవారంలోపు లెర్నింగ్ లైసెన్సు తెచ్చుకో. మీ ఆయన పక్కన కూర్చుని నేర్పితే నిన్ను బట్టలు చేరవేసే వ్యాను మీద వేస్తా. లేకపోతే ఇంకొకళ్లని చూసుకుంటా" అంది.

సంగతి వినగానే మొగుడు అటక మీంచి తన పాత లైసెన్సు పరీక్ష గైడు దించాడు. "పెన్సిల్ టిక్కు పెట్టిన జవాబులు బట్టీ కొట్టు, చాలు" అన్నాడు. ఎన్నడూ లేని ఈ ప్రేమేమిటో!

మూడో ప్రశ్న దగ్గరే ఆమెకు తేడా కొట్టింది. మనుషులు రోడ్డు దాటుతుంటే ఏం చెయ్యాలి? టిక్కేమో హారన్ కొట్టుకుంటూ వెళ్లాలన్న జవాబు మీద ఉంది. పక్కింటి స్కూలు బస్సు డ్రైవరును గోడ మీంచి అడిగింది.

"అయ్యో చెల్లెమ్మా, ఆగాలి! ఎవరిచ్చారీ పుస్తకం?" అని ఆయన నవ్వాడు. ఇద్దరూ కలిసి చూస్తే పంతొమ్మిది తప్పులు తేలాయి.

అదన్నమాట సంగతి! తను బండెక్కితే ఆ సందులోకి వస్తుందని మొగుడి భయం. సాయంత్రాలు మొగుడు అడిగితే అతని జవాబులే అప్పజెప్పింది. పొద్దున దుప్పట్లు ఎంచుతూ అసలువి వల్లించుకుంది.

శుక్రవారం పరీక్ష పాసై వచ్చి, పుస్తకం అతని ముందు విసిరేసింది.

"నా కొంప ముంచుదామనుకున్నావా? పంతొమ్మిది తప్పులు! ఆ సందులో ఉన్నదెవతో ఇప్పుడైనా చెప్పు!"

అతను పేజీలు మెల్లగా తిప్పాడు. "పంతొమ్మిదా? నేను పరీక్షలో పెట్టినవి ఇవేనే. మూడుసార్లు తప్పాను. ఏవి తప్పో ఆఫీసువాళ్లు చెప్పలేదు, అడగడానికి నాకు సిగ్గేసింది."

"అంటే... నీకు లైసెన్సే లేదా?"

"లేదు. కూడలిలో పోలీసులుంటారుగా. అందుకే సందు."

పన్నెండేళ్లు లేని సవతిని నోరారా తిట్టుకుంది! నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, వెనకే ఒళ్లు మండింది.

"మరి సోమవారం యజమానురాలికేం చెప్పను? లైసెన్సున్నవాళ్లు నా పక్కనెవరు కూర్చుంటారు?"

"పక్కింటాయన్ని అడుగు" అన్నాడతను. ఆ మాట అనడానికి అతనికెంత కష్టమైందో ఆమెకు తెలిసింది.

"అడుగుతా. ఇద్దరికీ నేర్పమని అడుగుతా." గోడకున్న టెంపో తాళం తీసి తన సంచిలో వేసుకుంది. రబ్బరుతో టిక్కులన్నీ చెరిపేసి, పుస్తకం అతని చేతిలో పెట్టింది. "కూర్చో. మూడో ప్రశ్న. మనుషులు రోడ్డు దాటుతుంటే?"

అతను టిక్కు చెరిగిన చోటును వేలితో తడిమాడు.

"ఆగాలా?" అన్నాడు, ఆమె మొహంలోకి అనుమానంగా చూస్తూ.