బిందె మీద మూత

మెట్రో కొత్తగా వచ్చిన మోజులో తిరిగి తిరిగి, మా మనవడు నిన్న రోడ్డు పక్క గోల్‌గప్పాలు తిని వచ్చాడు. ఇవాళ వాంతులు, విరేచనాలు. రాజధానిలో మేముండే ఈ ద్వారకలో మా పక్క ఫ్లాటు ఆవిడ, మన తెలుగావిడే, చూడటానికి వచ్చి సలహా చెప్పింది.

"నీళ్ళు ఇవ్వకండి ఆంటీ, తాగినకొద్దీ పోతుంది. పొట్ట ఎండితే అదే ఠీక్ అయిపోతుంది. మన చిన్నప్పుడు ఇలాగే తగ్గలేదూ?"

తగ్గలేదు.

నా ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, వంటింటి మూల చింతపండుతో తోమిన ఇత్తడి బిందె, దాని మీద మూత. ఆరేళ్ళ మా తమ్ముడికి విరేచనాలు పట్టుకున్నప్పుడు, వాడికి నీళ్ళు అందకుండా ఆ బిందె దగ్గర నన్ను కాపలా పెట్టారు. "ఒక్క గుక్క అక్కా" అని అడుగుతూనే ఉన్నాడు. చెప్పిన మాట దాటని పిల్లను, మూత తియ్యలేదు. సాయంత్రానికి అడగడం మానేశాడు. మర్నాటికి వాడు లేడు.

పేగుల్లో చేరిన క్రిమిని ఒళ్ళు తనంతట తానే బయటికి గెంటుతుంది. ఆ పోరులో ఒంటికి కావలసినవి నీళ్ళు, ఉప్పు. మేము దాచిపెట్టింది అవే.

పాత రోజులే బంగారమని ఈ పత్రికలో రాసేవాళ్ళంతా బతికి బట్టకట్టినవాళ్ళు. పోయినవాళ్ళు రాయరు.

ఆవిణ్ణి మళ్ళీ మా గుమ్మం తొక్కవద్దన్నాను. ఉప్పు, పంచదార కలిపిన నీళ్ళు చెంచాతో పోస్తూ, కాగితం మీద గీతలు పెట్టాను. నూట పద్నాలుగో చెంచాకు వాడు "బస్, చాలు నానమ్మా" అని మొహం తిప్పుకున్నాడు.

నూట పదిహేనోది కూడా పట్టించాను.